కోసి చూసిన మాట

బనియాస్‌లో మా అక్కవాళ్ళింట్లో, హాల్లో చాప మీద బోర్లా పడుకుని మా మేనకోడలు అరబీ నోటుబుక్కులో బడి టైమ్‌టేబుల్ రాసుకుంటోంది. కుడి నుంచి ఎడమకు గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో సబ్జెక్టు పేరు. యూఏఈలో మన సిలబస్ చెప్పే బడుల్లో కూడా పిల్లలు అరబిక్ నేర్చుకోవాల్సిందే. సైన్సు గడిలో ‘ఉలూమ్’ అని రాసి తలెత్తింది.

“మామా, అరబీల సైన్సును ఉలూమ్ అంటరు. మరి తెలుగుల ఏమనాలె? అమ్మ శాస్త్రం అంటది, బాపు విజ్ఞానం అంటడు. ఏది కరెక్టు?”

అప్పటికప్పుడు నేను చెప్పగలిగింది కొంచెమే. ఈ మాట చరిత్ర మూడు సముద్రాలు దాటింది. అది ఒక పూటలో చెప్పేది కాదు. మా మేనకోడలికి చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. లాటిన్‌లో ‘స్కీరె’ అంటే తెలియడం, ఎరిగి ఉండడం. ‘స్కియెంతియా’ అంటే అలా తెలిసినది. రోమన్లు వాడిన ఆ మాట ఫ్రెంచిలో ‘సియాన్స్’ అయింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దానికి ప్రయోగశాలతో, గాజు గొట్టాలతో ఏ సంబంధమూ లేదు. వ్యాకరణమైనా, తర్కమైనా, సంగీతమైనా, మతసిద్ధాంతమైనా, మనిషి నేర్చి తెలుసుకున్నదేదైనా సైన్సే.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. ‘స్కీరె’ ఎక్కడి నుంచి వచ్చింది? దాని మూలం కోయడం, చీల్చడం అనే అర్థమున్న అతి పాత ధాతువని భాషాచరిత్ర చదివిన వాళ్ళలో ఎక్కువమంది చెబుతారు. ఒకదాన్ని ఇంకొకదాని నుంచి కోసి వేరుచేసి చూస్తేనే అది ఏమిటో తెలుస్తుంది. ఆ భావంలోంచే తెలియడం అనే అర్థం పుట్టిందని వాళ్ళ వివరణ.

ఇది చదివినప్పుడు నాకు మా అక్క వంటిల్లే గుర్తొచ్చింది. గుత్తివంకాయకు కాయను తొడిమ దగ్గర విడిపోకుండా నాలుగు చీలికలు చేస్తుంది. ఒక్కో కాయనూ వేలితో విప్పి, వెలుతురుకు పట్టి లోపల చూస్తుంది. పైన నిగనిగలాడే కాయలోనే పురుగు ఉండొచ్చు, ముడతలు పడ్డ కాయ లోపల శుభ్రంగా ఉండొచ్చు. కోసి చూస్తే గానీ తెలియదు. ఈ మాట మన ఆడవాళ్ళు రోజూ అంటూనే ఉంటారు. లాటిన్ రైతులు తమ క్రియాపదంలో దాచిపెట్టింది సరిగ్గా ఇదే అనుభవం అని నాకనిపిస్తుంది.

ఆ కోత కుటుంబం చాలా పెద్దది. చీల్చడానికి లాటిన్‌లో ఉన్న ‘స్కిందెరె’, గ్రీకులో ఉన్న ‘స్కిజైన్’ ఆ కొమ్మవే. స్కిజోఫ్రేనియా అనే జబ్బు పేరులో మొదటి సగం ఆ గ్రీకు మాటే. సంస్కృతంలో ‘ఛిద్’ ధాతువు వాటికి దగ్గరి చుట్టం. ఛేదనం, విచ్ఛేదం, ఛిద్రం అన్నీ దాని పిల్లలే. మన పత్రికల్లో ‘హత్య కేసును ఛేదించిన పోలీసులు’ అని శీర్షిక వస్తుంది. కోయడం, తెలుసుకోవడం అనే రెండు అర్థాలూ అక్కడ ఒకే క్రియలో కలిశాయి. ఆ శీర్షిక రాసిన సబ్ ఎడిటరుకు లాటిన్‌తో పనిలేదు. మనిషి బుద్ధి అటూ ఇటూ ఒకే దారిన నడిచింది, అంతే.

స్కీరె సంతానంలో ఇంకో ఇద్దరిని చెప్పాలి. ‘కాన్షెన్స్’ అంటే తనతో కలిసి తనే ఎరిగి ఉండడం. తెలుగులో దాన్ని మనస్సాక్షి అన్నాం. వాళ్ళు తోడును చూశారు, మనం సాక్షిని చూశాం. ఇక పిల్లలు రోజుకు వందసార్లు వాడే ‘నైస్’. ఇది ‘నెస్కియుస్’ నుంచి వచ్చింది, అంటే ఏమీ తెలియనివాడు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో నైస్ అంటే తెలివితక్కువ అనే అర్థం. అది వందల ఏళ్ళలో మెల్లగా జరుగుతూ జరుగుతూ ‘బాగుంది’ దగ్గర ఆగింది. ఈ మాట చెప్పగానే మా మేనకోడలు పకపకా నవ్వింది.

ఇప్పుడు బనియాస్ వీధిలోకి రండి. అబుదాబి దీవి నుంచి వంతెన దాటి ప్రధాన భూభాగం మీదికి వస్తే, ముసఫ్ఫా పారిశ్రామిక వాడకు ఆవల ఈ ఊరు వస్తుంది. ఈ దేశపు పెద్ద తెగల కూటమి ‘బనీ యాస్’ పేరే ఊరికి పెట్టారు. బనీ యాస్ అంటే యాస్ సంతతి. అబుదాబిని ఏలే అల్ నహ్యాన్ కుటుంబం ఈ కూటమిదే. బకాలా (కిరాణా కొట్టు) ముందు నిలబడి చెవి వొగ్గితే పది నిమిషాల్లో అరడజను భాషలు వినిపిస్తాయి. జగిత్యాల మనిషి, పెషావర్ పఠాన్, మలప్పురం మలయాళీ, సిల్హెట్ బెంగాలీ, వీళ్ళందరికీ కలిసిన మాట ఒకటుంది: ‘మాఫీ మాలూమ్’. తెలియదు అని. గల్ఫ్‌లో పనికోసం పుట్టిన ఈ అతుకుల అరబీని భాషాశాస్త్రవేత్తలు గల్ఫ్ పిడ్జిన్ అంటారు. దిగిన వారంలోనే కొత్తవాడు నేర్చుకునే మొదటి నాలుగు మాటల్లో ఇదొకటి అని మా బావ చెప్పాడు.

‘మాఫీ’ అంటే లేదు. ‘మాలూమ్’ అంటే తెలిసినది. అది ఉర్దూ ద్వారా మన హైదరాబాదుకు ఎప్పుడో వచ్చింది. అరబీలో దాని ధాతువు అయిన్, లామ్, మీమ్ అనే మూడక్షరాలు. ఆ మూడింటి నుంచే ‘ఇల్మ్’, అంటే జ్ఞానం. ఇల్మ్‌కు బహువచనం ‘ఉలూమ్’. చాప మీద నోటుబుక్కులో సైన్సు గడిలో పడ్డ మాట, బకాలా ముందు కూలి మనిషి నోట తెలియదని చెప్పే మాట, ఒకే ఇంటివి. మన ఊళ్ళల్లో కుస్తీలు నేర్పే ‘తాలింఖానా’ కూడా ఆ ఇంటిదే. తాలీం అంటే నేర్పడం.

అదే మూడక్షరాలకు ఇంకో సంతానం ఉంది, ‘అలమ్’. గుర్తు, జెండా అని అర్థం. ఎడారిలో దారి తెలియడానికి నిలబెట్టే గుర్తును, దూరం నుంచి కనిపించే కొండను కూడా పాత అరబీలో అలమ్ అనేవారు. తెలంగాణ పల్లెల్లో పెరిగిన వాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు. పీర్ల పండుగలో ఊరంతా కులమత భేదం లేకుండా వెంట నడిచే ఆ ‘ఆలం’ ఇదే. హైదరాబాదు పాతబస్తీలో మొహర్రం నాడు ఏనుగు మీద ఊరేగే బీబీ కా ఆలం ఇదే.

తెలియడం అంటే గుర్తుపట్టడం. ఎడారి మనుషుల భాషకు ఇంతకంటే సహజమైన ఊహ ఏముంటుంది? బనీ యాస్ వాళ్ళ పాత తావు దక్షిణాన లివా ఒయాసిస్సు. 18వ శతాబ్దంలో అబుదాబి దీవిలో మంచినీళ్ళు దొరికాక కొందరు అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వేసవిలో ముత్యాల వేటకు సముద్రం మీదికి, తర్వాత ఖర్జూరాల కోతకు తిరిగి ఇసుక దిబ్బల్లోకి. రాత్రి చుక్కను, పగలు దిబ్బ వాలును గుర్తుపట్టలేనివాడు బతకలేడు. లాటిన్ వాళ్ళకు తెలివి కత్తిమొనలో కనిపిస్తే, వీళ్ళకు దూరాన నిలబడ్డ గుర్తులో కనిపించింది.

ఈ రెండు మాటలూ ఒకచోట కలుసుకున్నాయి. అది స్పెయిన్‌లోని తొలేదో నగరం. 1085లో అది అరబ్బుల చేతిలోంచి క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది. అరబీ పుస్తకాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. 12వ శతాబ్దంలో ఇటలీ క్రెమోనా నుంచి జెరార్డ్ అనే పండితుడు టాలెమీ ఖగోళ గ్రంథం ‘అల్మజెస్ట్’ కోసం వెతుక్కుంటూ తొలేదో వచ్చాడు. ఆ ఒక్క పుస్తకం కోసం వచ్చిన మనిషి అక్కడి గ్రంథాలయాలు చూసి ఉండిపోయాడు. అరబీ నేర్చుకున్నాడు. 1187లో చనిపోయేలోపు డెబ్బైకి పైగా పుస్తకాలు లాటిన్‌లోకి దించాడు. ఒక మనిషి ఒక జన్మలో చేసిన పని ఇది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ పుస్తకాల్లో ఒకటి అల్ ఫారాబీది. క్రీ.శ. 950లో డమాస్కస్‌లో చనిపోయిన ఈ తత్వవేత్త ‘ఇహ్సా అల్ ఉలూమ్’ అని రాశాడు. ఉలూమ్‌లను లెక్కపెట్టడం అని అర్థం. భాషతో మొదలుపెట్టి తర్కం, గణితం, ప్రకృతి, పరతత్వం, రాజనీతి, ధర్మశాస్త్రం దాకా మనిషికి తెలిసినవాటిని వరసగా పేర్చాడు. గణితం కింద దృష్టిశాస్త్రం, ఖగోళం, సంగీతంతో పాటు బరువులెత్తే విద్యనూ, యంత్రాలు కట్టే ఉపాయాలనూ చేర్చాడు. దాన్ని జెరార్డ్ అనువదిస్తూ పెట్టిన పేరు ‘దే స్కియెంతీస్’. అంటే స్కియెంతియాల గురించి. ఉలూమ్ అన్నచోట స్కియెంతియా కూర్చుంది.

స్కియెంతియా అంతకుముందు లేదని కాదు. వెయ్యేళ్ళుగా ఉంది. కానీ బీజగణితం, త్రికోణమితి, దృష్టిశాస్త్రం, కొత్త ఖగోళ పట్టికలు అనే సరుకు ఆ పాత్రలోకి ఒంపినవాళ్ళు బాగ్దాద్, డమాస్కస్, కార్డోబా పండితులు. ఆ సరుకులో మన వాటా కూడా ఉంది. 8వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడి సిద్ధాంతం బాగ్దాద్ చేరి ‘సింద్‌హింద్’ అయింది. సైన్సు పూర్తిగా పడమటి సొత్తు అనేవాళ్ళకూ, అంతా మనదే అనేవాళ్ళకూ నేను తొలేదో వైపు వేలు చూపిస్తాను.

అల్ ఫారాబీ జాబితాలో రేఖాగణితానికి ఉన్న పేరు ‘హందస’. బనియాస్ సైట్ల మీద ఇంజినీరును పిలిచే ‘ముహందిస్’ దాని నుంచే. హందస అరబీకి పారశీకం నుంచి వచ్చింది. అక్కడ దాని మూలం ‘అందాజా’, అంటే కొలత. మన తాపీమేస్త్రీ గోడ వైపు ఒక కన్ను మూసి చూసి ‘అందాజుగా పది బస్తాలు’ అంటాడే, ఆ అందాజు. ముహందిస్ ఏసీ గదిలో, అందాజు ఎండలో. పుట్టింది మాత్రం ఒక మాటలోంచే. ఈ సంగతి చెప్పినప్పుడు ముప్పై ఏళ్ళుగా ముహందిస్‌ల కింద పనిచేస్తున్న మా బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. త్రికోణమితిలో ‘సైన్’. ఆర్యభటుడు దాన్ని విల్లుకు కట్టిన తాడుతో పోల్చి జ్యా అన్నాడు. దానికే జీవ అని ఇంకో పేరు. అరబ్బులు దాన్ని ‘జీబ’ అని రాసుకున్నారు. అరబీ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. అందువల్ల ఆ అక్షరాలను తర్వాతివాళ్ళు తమకు తెలిసిన ‘జైబ్’ అని చదువుకున్నారు. జైబ్ అంటే బట్ట మడత, ఎద దగ్గరి చొక్కా సంచి. లాటిన్ అనువాదకులు దాన్ని యథాతథంగా ‘సినుస్’ అన్నారు, అంటే మడత, వంపు. అదే సైన్. ముఖం ఎముకల్లోని బోలు గదులకు వచ్చే ‘సైనస్’ జబ్బు పేరూ అదే. అరబీ జైబ్ ఉర్దూ మీదుగా మనకు ‘జేబు’ అయింది. పదో తరగతి పిల్లాడు లెక్కల పరీక్షకు సైన్ థీటా బట్టీపెట్టి, స్లిప్పు జేబులో పెట్టుకుంటే, అతని దగ్గర ఒకే మాట రెండు వేషాల్లో ఉన్నట్టు.

ఆ తర్వాత ఐరోపాలో సైన్సు అనే మాట నెమ్మదిగా కుదించుకుంది. 1687లో న్యూటన్ తన గ్రంథానికి పెట్టుకున్న పేరులో ప్రకృతి తత్వశాస్త్రం అని ఉంది, సైన్సు అని లేదు. తనను తాను ఆయన తత్వవేత్త అనుకున్నాడు. ప్రకృతిని ప్రయోగాలతో పరిశీలించే పనికే సైన్సు అనే పేరు గట్టిగా అంటుకున్నది 19వ శతాబ్దంలో. 1833లో కేంబ్రిడ్జిలో బ్రిటిష్ శాస్త్రసభ జరిగింది. ఈ పని చేసేవాళ్ళను తత్వవేత్తలు అనడం తగదని కవి కోల్రిడ్జ్ లేచి అభ్యంతరం చెప్పాడు. అప్పుడు విలియం హ్యూయెల్, ఆర్టిస్టు ఉన్నట్టే ‘సైంటిస్టు’ అనొచ్చు కదా అన్నాడు. మరుసటి ఏడాది మేరీ సోమర్‌విల్ అనే విదుషీమణి పుస్తకం మీద రాసిన సమీక్షలో దాన్ని అచ్చువేశాడు. చాలామందికి ఆ మాట నచ్చలేదు. డార్విన్ పక్షాన పోరాడిన థామస్ హక్స్‌లీ 1894లో కూడా దాన్ని ఈసడించుకున్నాడు. ఈ రోజు ప్రతి బడిపిల్లా కాబోయేది అదేనని చెబుతుంది.

ఇక అక్క, బావల పంచాయితీ.

శాస్త్రం అనే మాట ‘శాస్’ ధాతువు నుంచి వచ్చింది. ఆజ్ఞాపించడం, క్రమంలో పెట్టడం అని అర్థం. శాసనం, శాసనసభ, శిష్యుడు అందులోంచే. అందుకే పెద్దవాళ్ళు ‘శాస్త్రం ఒప్పుకోదు’ అంటారు. ఆకలి లేకపోయినా ‘శాస్త్రానికి రెండు మెతుకులు తిను’ అంటారు. అక్కడ శాస్త్రం అంటే పాటించాల్సిన విధి. ఎవరో చెప్పారు, మనం వినాలి. ఆ మాటకు గౌరవం ఉంది, గొప్ప పొందిక ఉంది. పాణిని వ్యాకరణం శాస్త్రం. శాస్త్రం లేకపోతే ఆ ఘనత లేదు. కానీ కోసి చూడటం అనే భావం దాని పుట్టుకలో లేదు.

విజ్ఞానం వేరు. ‘జ్ఞా’ అంటే తెలియడం. ఇంగ్లీషు ‘నో’, గ్రీకు ‘గ్నోసిస్’ దానికి తోబుట్టువులు. లాటిన్‌లోనూ దాని తోబుట్టువు ఉంది, ‘నోస్కెరె’. మన ఇంటికి వచ్చే కోర్టు ‘నోటీసు’ దాని సంతానమే. ముందు పెట్టిన ‘వి’ వేరుగా, విడదీసి అనే అర్థాన్ని ఇస్తుంది. విజ్ఞానం అంటే ఒకదాన్ని మరొకదాని నుంచి విడదీసి తెలుసుకోవడం. అంటే స్కియెంతియాలోని కత్తి ఇక్కడ ఉపసర్గలో ఉంది. నన్నడిగితే బావ చెప్పిందే సైన్సుకు దగ్గర.

ఆ మాటను తెలుగువాళ్ళ నాలుక మీద నిలబెట్టింది హైదరాబాదులో పుట్టిన ఒక సంస్థ. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివాళ్ళు అక్కడ విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. కథలూ కావ్యాలూ తప్ప తెలుగులో ఇంకేం చదవాలి అనుకునే రోజుల్లో చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం మీద తేలిక తెలుగులో పుస్తకాలు వేయించారు. మండలి పేరులో శాస్త్రం లేదు, విజ్ఞానం ఉంది. ఆ ఎంపిక ఊరికే జరిగిందనుకోను. లక్ష్మణరావు తర్వాత ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదలుపెట్టి, రాస్తూ రాస్తూనే 1923లో నలభై ఆరేళ్ళకు కన్నుమూశారు. పని మధ్యలో ఆగింది.

అదే హైదరాబాదులో పదకొండేళ్ళ తర్వాత, 1917లో, నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో చదువు చెప్పాలంటే భౌతిక, రసాయన, వైద్య శాస్త్రాలకు ఉర్దూ మాటలు కావాలి. పండితులు కూర్చుని అరబీ ధాతువుల నుంచి వేల మాటలు తీర్చారు. తొలేదోలో అరబీ నుంచి లాటిన్‌కు పోయిన సరుకు, ఇంగ్లీషు మీదుగా వచ్చి, హైదరాబాదులో మళ్ళీ అరబీ దుస్తులు తొడుక్కుంది. ఒకే నగరంలో విజ్ఞానం, ఇల్మ్ అనే రెండు పేర్లతో రెండు పాదులు తవ్వారు. వాళ్ళు ఒకరి పుస్తకాలు ఒకరు ఇంకా ఎక్కువగా చదువుకొని ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ అరువు మాటలే. సంస్కృతం నుంచో, అరబీ నుంచో, లాటిన్ నుంచో తెచ్చుకున్నవి. మన సొంత మాట ఒకటుంది. అది ఎంత దగ్గరగా ఉందంటే దాన్ని మాటగానే లెక్కపెట్టం. ‘తెలుసు’. దాని వేరు ‘తెలి’. తెల్లన, స్వచ్ఛం, మసక లేనిది అని అర్థం. తెలుపు, తెల్ల, తెల్లవారు, తెలివి, తెలియు, అన్నీ ఆ వేరు నుంచే. తమిళంలో ‘తెళి’ అంటే తేటపడటం. ఇది ద్రావిడ భాషల పాత సొమ్ము. తెలుగులో ‘తెలుపు’ అంటే ఒక రంగు. ‘తెలుపు’ అంటే చెప్పు, ఎరుకపరచు అని కూడా. ‘మీ అభిప్రాయం తెలుపగలరు’ అని ఉత్తరాల్లోనూ, దరఖాస్తుల్లోనూ రాసేటప్పుడు చీకట్లో ఉన్నదాన్ని వెలుతురులోకి తెమ్మంటున్నాం. లాటిన్‌వాడు కోశాడు, అరబ్బు గుర్తుపట్టాడు, మనవాడికి తెల్లారింది.

బావ డ్యూటీ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది. ఒక రోజు నేనూ లేచి వాకిట్లోకి వెళ్ళాను. దూరంగా ముసఫ్ఫా వైపు దీపాలు, మసీదు నుంచి ఫజర్ నమాజు పిలుపు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డు పక్క వరసగా కూర్చున్న మనుషులు. కాసేపటికి తూర్పున ఇసుక రంగు ఇసుకకూ, ఆకాశం రంగు ఆకాశానికీ విడిపోయాయి. ఎవరు ఎవరో మొహాలు ఆనాయి. బస్సు ఎక్కుతూ ఎవరో తెలుగులోనే అన్నారు, తెల్లారిపోయిందని.

సాయంత్రం మేనకోడలి నోటుబుక్కులో సైన్సు గడి కింద మూడు మాటలు చేరాయి. అరబీలో ఉలూమ్, దాని కింద విజ్ఞానం, ఇంకొంచెం కిందగా పెన్సిల్‌తో ‘తెలి’. పెన్సిల్ కొస నోట్లో పెట్టుకుని అడిగింది.

“మామా, మరి తెలుగు అనేది గూడ తెలి నుంచే వచ్చిందా?”

త్రిలింగం నుంచి అన్నవాళ్ళున్నారని, తెనుగే ముందు, తెన్ అంటే దక్షిణం అన్నవాళ్ళున్నారని, ఇంకా తేలలేదని చెప్పాను. అది నోటుబుక్కు మూయకుండా ఇంకో గడి గీసుకుంది.